తక్కువ ధరలో పాత టెనర్ శాక్సఫోన్ మీద జాజ్ స్టాండర్డ్స్: ఏది కొనాలి, ఎలా సిద్ధం చేసుకోవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. కొన్నేళ్లుగా ఆల్టో శాక్సఫోన్ వాయిస్తున్నారు. ఇప్పుడు జాజ్ స్టాండర్డ్స్, అంటే జాజ్ వాళ్లందరూ వాయించే పాత పాటల మీదకి మనసు మళ్లింది, వాటికి ఆల్టో కంటే పెద్దదైన, కింది స్వరాల టెనర్ గొంతే కావాలనిపించింది. కొత్త ప్రొఫెషనల్ టెనర్ కొనే వీలు ఇప్పట్లో లేదు. అమ్మకానికి మూడు పాతవి కనిపించాయి. ఒకటి 1940ల నాటి బిషర్ అరిస్టోక్రాట్, పాత పూత గీకి మళ్లీ ల్యాకర్ (ఇత్తడి మీద వేసే మెరుపు పూత) వేశారు, ప్రస్తుతం సరిగ్గా పలకడం లేదు. రెండోది 1960ల కాన్ 16ఎం, ఈమధ్యే రిపేరు చేయించారు. మూడోది 1920ల నాటి వెండి పూత టెనర్, మీద ఎవరో అమ్మకందారు పేరు ఉంది కానీ తయారుచేసినవాళ్ల పేరు లేదు. వీటిలో దేనిమీదైనా స్టాండర్డ్స్ బాగా వాయించగలనా, లేక డబ్బు కూడేదాకా ఆగాలా అని అడిగారు.

ఆగక్కర్లేదు. మీరు వింటూ ఇష్టపడుతున్న టెనర్ గొంతులో పెద్ద భాగం 1930ల నుంచి 1950ల దాకా తయారైన వాద్యాల మీద పలికిందే. వాటిలో చాలా మోడళ్లు ఇప్పటికీ కొత్త ప్రొఫెషనల్ టెనర్ ధరలో చిన్న భాగానికి దొరుకుతాయి. అయితే ఒక మాట గట్టిగా చెప్తాను. మీ దగ్గరున్న మొత్తంలో సగానికి మించి వాద్యం మీద పెట్టకండి. మిగతా సగం రిపేరుకీ, మౌత్‌పీస్‌కీ (నోట్లో పెట్టుకుని ఊదే ముక్క) ఉంచండి. గాలి ఎక్కడా కారని మామూలు మోడల్, గాలి కారే గొప్ప మోడల్ కంటే నూరు రెట్లు మేలు. ఈ లెక్క మరిచిపోయి మొత్తం డబ్బు పేరు మీద పోసినవాళ్లు చివరికి ఆ వాద్యాన్ని పెట్టెలోనే ఉంచేస్తారు.

పాతవి ఎందుకు చవకయ్యాయో తెలిస్తే ఎంచుకోవడం తేలిక. పారిస్ సెల్మర్ కంపెనీ 1954లో మార్క్ సిక్స్ మోడల్ తెచ్చింది, 1970ల మధ్య వరకూ చేసింది. దాని కీల అమరిక చేతికి ఎంత బాగా కుదిరిందంటే, తర్వాత వచ్చిన దాదాపు ప్రతి కంపెనీ అదే దారిలో నడిచింది. కొత్తగా నేర్చుకునేవాళ్ల వేళ్లు ఆ అమరికకే అలవాటుపడ్డాయి. దాంతో అంతకుముందు అమెరికాలో తయారైనవి, ముఖ్యంగా ఎడమ చిటికెన వేలి కీలు వేరేగా ఉన్నవి, అడిగేవాళ్లు తగ్గి ధర పడిపోయాయి. ధర తగ్గింది వేళ్ల వల్ల, ధ్వని వల్ల కాదు. మీకు లాభం సరిగ్గా అక్కడే ఉంది.

ఇక తయారీదారుల సంగతి. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ఊరు ఒక్కదాని నుంచే కాన్, బిషర్, మార్టిన్ మూడూ వచ్చాయి. కాన్ 10ఎం 1930ల మధ్యలో మొదలైంది. బెల్ (విచ్చుకున్న చివరి భాగం) మీద చెక్కిన స్త్రీ బొమ్మతో, 1940ల చివరి వరకూ వచ్చినవాటిలో అంచు మడిచిన టోన్ హోల్స్‌తో (కీలు మూసే రంధ్రాలు) గుర్తుపట్టొచ్చు. పేరున్న టెనర్ వాద్యకారుడు డెక్స్టర్ గోర్డన్ మార్క్ సిక్స్‌కి మారకముందు ఏళ్ల తరబడి వాయించింది 10ఎం మీదే. ఇంకో పెద్ద టెనర్ వాద్యకారుడు లెస్టర్ యంగ్ కూడా కాన్ మనిషే. గొంతు వెడల్పుగా ఉంటుంది, కింద స్వరాలు గది నింపేస్తాయి. ఇప్పుడు 10ఎం అంత చవక కాదు, అయినా మంచి సెల్మర్ దరిదాపుల్లోకి రాదు. బిషర్ అరిస్టోక్రాట్ ధ్వని ఇంకాస్త గుండ్రంగా, ఒద్దికగా ఉంటుంది. చిన్న గదిలో పియానో, బాస్‌తో కలిసి వాయించేవాళ్లకి నేను ముందు చెప్పే పేరు అదే. 1963లో సెల్మర్ వాళ్ల అమెరికా సంస్థ బిషర్‌ని కొనేసింది. ఆ తర్వాత అదే పేరుతో వచ్చినవి విద్యార్థుల కోసం చేసినవి, కాబట్టి సీరియల్ నంబరు చూడకుండా పేరు నమ్మకండి. మార్టిన్ టోన్ హోల్స్‌ని ఒంటి గొట్టం నుంచి లాగి తీయకుండా విడిగా చేసి అతికించేవాళ్లు. నాదం బరువుగా, చీకటిగా ఉంటుంది. పాతబడ్డాక ఆ అతుకుల దగ్గర సన్నగా గాలి కారే అవకాశం ఉంది కాబట్టి మార్టిన్ కొంటే అది ప్రత్యేకంగా చూపించుకోవాలి. క్లీవ్‌లాండ్‌లో హెచ్.ఎన్. వైట్ కంపెనీ చేసిన కింగ్ జెఫిర్‌ని కూడా వదలొద్దు. అదే ఇంటి సూపర్ 20కి ఉన్న పేరు దీనికి లేదు, అందుకే ధర అందుబాటులో ఉంటుంది. గొంతులో మాత్రం బంధుత్వం వినిపిస్తుంది.

యూరప్ వాటిలో జర్మనీ కైల్‌వెర్త్ టెనర్లు, వాటినే వేరే పేర్లతో అమ్మినవి, ఫ్రాన్స్ ఎస్.ఎం.ఎల్., బఫే వాళ్ల సూపర్ డైనాక్షన్ అన్నీ నిజమైన పనివాళ్ల చేతిలో తయారైనవే. చెకోస్లొవేకియా అమాటి, తూర్పు జర్మనీ వెల్ట్‌క్లాంగ్ ఇంకా చవక. వాటిలో మంచివీ ఉన్నాయి, తేలిగ్గా వంగిపోయే మెత్తటి కీలతో విసిగించేవీ ఉన్నాయి, వాయించి చూడకుండా కొనకూడదు. పాత కీల అమరిక మీకు పొసగదు అనిపిస్తే యమహా 21, 23, 61 చూడండి. వీటిని వింటేజ్ అనడానికి కొందరు ఒప్పుకోరు. కానీ శ్రుతి నమ్మకంగా ఉంటుంది, వేళ్లకి కొత్త అలవాట్లు అక్కర్లేదు. రిపేరు తెలిసిన మనిషి దగ్గర్లో లేనివాళ్లకి నేను 10ఎం కంటే యమహానే చెప్తాను.

కొనేముందు రెండు ఉచ్చులు తప్పించుకోవాలి. మొదటిది సి మెలడీ శాక్సఫోన్. 1920లలో ఇళ్లలో పియానో పక్కన వాయించుకోవడానికి ఇవి విపరీతంగా అమ్ముడయ్యాయి. ఫోటోలో చిన్న టెనర్‌లా కనిపిస్తాయి, తెలియక టెనర్ అనే రాసి అమ్ముతుంటారు. టెనర్ బి ఫ్లాట్ వాద్యం, అంటే సి వేళ్లు పెట్టి ఊదితే బి ఫ్లాట్ పలుకుతుంది; ఇది సి, సి వేళ్లకి సి నే పలుకుతుంది. సీరియల్ నంబరు దగ్గర సి అనే అక్షరం ఉందేమో చూడండి, కాదంటే ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) దగ్గర పెట్టి ఒక స్వరం ఊదించండి. రెండోది హై పిచ్ వాద్యం. 20వ శతాబ్దం తొలి దశకాల్లో కొన్ని వాద్యాలు ఇప్పటి 440 హెర్ట్జ్‌కి కాక, సుమారు 457కి శ్రుతి చేసి వచ్చాయి. సీరియల్ నంబరు దగ్గర ఎల్ లేదా లో పిచ్ అని ఉంటే ఫర్వాలేదు. హెచ్ అని ఉంటే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. మౌత్‌పీస్ బయటికి లాగితే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు, స్వరాల మధ్య దూరాలే చెడిపోతాయి.

వాద్యం చేతికొచ్చాక మొదట నెక్, అంటే మౌత్‌పీస్ తగిలించే వంపు గొట్టం, చూడండి. పక్క నుంచి చూస్తే వంపు కిందికి కుంగినట్టుందా, కింది భాగంలో ముడతలున్నాయా, గొట్టం గుండ్రంగా కాక కోలగా మారిందా? శాక్సఫోన్ గొట్టం మొదలయ్యే చోటు అది. అక్కడ కొలత కొంచెం మారినా ఆక్టేవులు కలవవు. పాత మోడల్‌కి సరిపోయే వేరే నెక్ దొరకడం కష్టం, దొరికినా ఆ వాద్యానికి కుదురుతుందన్న నమ్మకం లేదు. ఒక చివర అరచేత్తో మూసి, ఇంకో చివర నుంచి గాలి పీల్చండి. పీల్చిన పట్టు నిలవకపోతే ఆక్టేవ్ ప్యాడ్ (పై స్వరాలకి తెరుచుకునే చిన్న రంధ్రాన్ని మూసే మెత్త) దగ్గరో అతుకు దగ్గరో కారుతోందన్నమాట. తర్వాత ఒంటి గొట్టాన్ని కంటికి ఎదురుగా పెట్టి పొడవునా చూడండి, ఎప్పుడో పడి వంగినవి ఇలా దొరికిపోతాయి. కీలని పక్కకి కదిపి చూడండి. లొడలొడలాడితే కొత్త ప్యాడ్లు వేసినా ఎక్కువ రోజులు నిలవవు, ముందు ఇరుసులు బిగించాలి. ఇత్తడి మీద గులాబీ రంగు మచ్చలు, ముఖ్యంగా నెక్ లోపల, ఉంటే లోహం నుంచి జింక్ పోతోందని అర్థం. బయట ఒకటి రెండు చుక్కలకి భయపడక్కర్లేదు కానీ నెక్‌లో పాకి ఉంటే వద్దు.

చూపుకి బాగోలేనివన్నీ మీకు మిత్రులే. వెండి పూత నల్లబడటం వల్ల వాయించడానికి ఏ నష్టమూ లేదు, తుడిస్తే పోతుంది కూడా. ల్యాకర్ ఊడిపోయి ఇత్తడి బయటపడినా అంతే. మళ్లీ ల్యాకర్ వేసినవాటికి సేకరణ చేసేవాళ్లు ముఖం తిప్పుకుంటారు, అందుకే ధర బాగా దిగుతుంది. అక్కడ చూడాల్సింది ఒక్కటే: పూతకి ముందు యంత్రంతో ఎంత గట్టిగా రుద్దారన్నది. బెల్ మీద చెక్కిన గీతలు ఇంకా పదునుగా ఉంటే లోహం ఎక్కువ పోలేదు. గీతలు కరిగిపోయినట్టుంటే టోన్ హోల్ అంచులు కూడా అరిగి ఉండొచ్చు.

గాలి కారుతోందో లేదో తెలియడానికి రిపేరు వాళ్లు గొట్టంలోకి దీపం దించి ప్యాడ్ల అంచున వెలుతురు చూస్తారు. మీరు దీపం లేకుండానే పట్టుకోవచ్చు. మధ్య జి నుంచి ఒక్కో అర్ధస్వరం దిగుతూ, చాలా మెల్లగా, వేళ్లు ఆనీ ఆననట్టు పెట్టి కింది బి ఫ్లాట్ దాకా రండి. ఎక్కడ వేలు నొక్కి పట్టాల్సి వస్తుందో అక్కడా, దానికి పైనా లీకు ఉంటుంది. అన్ని ప్యాడ్లు, కార్కులు, ఫెల్టులు మార్చి సరిదిద్దే పూర్తి ఓవర్‌హాల్‌కి కొన్న ధరకంటే ఎక్కువయ్యే సందర్భాలూ ఉంటాయి. అది నష్టం అనుకోకండి, ఆ పని తర్వాత చాలా ఏళ్లు హాయిగా వాయించుకోవచ్చు. రిపేరు చేసే మనిషితో కొనడానికి ముందే మాట్లాడండి. పాత కాన్ మడత అంచుల్ని ఆకురాయితో రుద్ది సమం చేస్తానన్నవాళ్ల చేతికి వాద్యం ఇవ్వొద్దు, ఆ మడత ఒకసారి పోతే మళ్లీ రాదు. బిషర్ ప్యాడ్లకి మొదట్లో జిగురు లేదు, మధ్యలో ఉండే గుండీతో టక్కున బిగించేవాళ్లు. ఆ గుండీలు ఇంకా ఉన్నాయో లేదో, పోయి ఉంటే జిగురుతో వేయడం వాళ్లకి చేతనవునో లేదో అడగండి.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ మాట్లాడాల్సిన సంగతికి వస్తాను: మౌత్‌పీస్. పాత టెనర్ శ్రుతిలో ఉండదు అనే ఫిర్యాదులో పెద్ద వాటా మౌత్‌పీస్‌దే. శాక్సఫోన్ గొట్టం ఒక శంకువు, దాని కొన కోసేశారు. ఆ పోయిన కొనలో పట్టాల్సిన గాలి ఎంతో, నెక్ చివర దాటి మౌత్‌పీస్‌లో అంత చోటు ఉండాలి. అప్పుడే పై ఆక్టేవ్, కింది ఆక్టేవ్ ఒకదానికొకటి సరిపోతాయి. 1950లకి ముందు అమెరికన్ టెనర్లని లోపల పెద్ద గది (ఖాళీ జాగా) ఉన్న మౌత్‌పీస్‌లు మనసులో పెట్టుకుని చేశారు. వాటికి ఇప్పటి ఇరుకు గది, ఎత్తు బాఫిల్ (కొన వెనకాల లోపలి పైకప్పు) ఉన్న మెటల్ మౌత్‌పీస్ తగిలిస్తే అది కార్కు చివరిదాకా బయటికి లాగాల్సి వస్తుంది. మంద్రం ఒక దారి, తారం ఇంకో దారి పడతాయి. కింది బి, బి ఫ్లాట్ గొంతులో నీళ్లున్నట్టు గడగడలాడతాయి. ఆ గడగడకి బెల్ అడుగున కార్కు బిరడా ఒకటి పడేస్తే తగ్గుతుందని పాతవాళ్లు చెప్పే చిట్కా నిజంగానే పనిచేస్తుంది. కానీ అది పనిచేసిందంటే మౌత్‌పీస్ కుదరలేదనో, ఎక్కడో లీకు ఉందనో అర్థం, అసలు కారణం వెతకండి.

గది పెద్దదో చిన్నదో చూడటం తేలిక. నెక్ దూరే వైపు నుంచి వెలుతురులోకి చూడండి. లోపల గోడలు గుండ్రంగా వెనక్కి జరిగి ఉంటే పెద్దది, చతురస్రంగా దగ్గరికి నొక్కినట్టుంటే చిన్నది. స్టాండర్డ్స్‌కి ఓట్టో లింక్ కంపెనీ తరహా మౌత్‌పీస్‌లు నమ్మకమైన మొదలు. పాతవి ఖరీదు, అదే నమూనాలో ఇప్పుడు తయారయ్యేవి చాలు. ఆల్టో నుంచి వస్తున్నారు కాబట్టి లింక్ కొలతలో 6 లేదా 7 తీసుకోండి, అంటే కొన దగ్గర తెరుపు సుమారు 2.3 నుంచి 2.5 మిల్లీమీటర్లు. రీడ్ (మౌత్‌పీస్‌కి కట్టే, ఊదితే అదిరే పలక) గట్టిదనం రెండున్నర. ఇంకా పెద్ద తెరుపుల మీద వాయించే పేరున్నవాళ్లని చూసి మొదట్లోనే అటు పోవద్దు, శ్రుతి నిలవక ఊపిరంతా అక్కడే ఖర్చవుతుంది.

ఆల్టో వాళ్లు టెనర్ మీద చేసే పొరపాటు దాదాపు ఒకటే, పెదవి బిగువు. మౌత్‌పీస్ ఒక్కదాన్ని తీసి మామూలుగా ఊది ట్యూనర్ చూడండి. ఆల్టోకి కాన్సర్ట్ ఎ (పియానో మీద పలికే ఎ) దగ్గర పలికితే బాగున్నట్టు లెక్క. టెనర్‌కి జి దగ్గర ఉండాలి. జాజ్ వాయించేవాళ్లు ఇంకా కిందికే ఊదుతారు. మీది జి కంటే పైన ఉంటే దవడ వదలండి, గొంతు ఆవులింతకి తెరిచినట్టు తెరవండి, మౌత్‌పీస్ కాస్త ఎక్కువ లోపలికి తీసుకోండి. పాత పెద్ద గొట్టం ఈ వదులుకి వెంటనే స్పందిస్తుంది, బిగిస్తే మూసుకుపోతుంది.

వాద్యాన్ని స్కేళ్లతో కాదు, స్టాండర్డ్స్‌తోనే పరీక్షించమంటాను. కొనడానికి వెళ్లినప్పుడే మూడు పాటలు సిద్ధంగా ఉంచుకోండి. టెనర్ రాత కాన్సర్ట్ కంటే ఒక ఆక్టేవ్, దానిపై ఇంకో పూర్తి స్వరం పైన ఉంటుంది, అంటే స్వరాల పేర్లు ఒక పూర్తి స్వరం పైకి జరుగుతాయి. ఆల్టోలో మీరు ఆటమ్ లీవ్స్‌ని ఇ మైనర్‌లో చదివి ఉంటారు, అది కాన్సర్ట్ జి మైనర్. టెనర్‌కి అదే ఎ మైనర్ అవుతుంది. పల్లవిలో పాదాలు ఎ బి సి ఎఫ్, జి ఎ బి ఇ, ఎఫ్ జి ఎ డి అని మెట్లు దిగుతూ వస్తాయి. ప్రతి పాదం చివరి స్వరం మీద నిలబడాలి. ఆ నిలబడే ఎఫ్, ఇ, డి మూడూ ఆక్టేవ్ కీ వేశాక వచ్చే మొదటి స్వరాలు. శాక్సఫోన్‌లో శ్రుతి పైకి పారిపోయేదీ, గొంతు మూసుకుపోయినట్టు వినిపించేదీ సరిగ్గా అక్కడే. పైగా మొదటి పాదంలో ఒక్క వేలితో పలికే సి నుంచి నాలుగు వేళ్ల ఎఫ్‌కి దూకాలి. ఆ దూకుడులో గొంతు రంగు మారకుండా ఉంటే వాద్యం మంచిది. డి మాత్రం మరీ మూగగా ఉంటే రిపేరు మనిషిని ముందు కింది కీల ఎత్తు చూడమనండి, అవి తక్కువ తెరుచుకుంటున్నాయేమో.

రెండోది ఆల్ ద థింగ్స్ యూ ఆర్. కాన్సర్ట్ ఎ ఫ్లాట్, టెనర్‌కి బి ఫ్లాట్. నడుస్తూ నడుస్తూ డి, ఎఫ్, ఎ తిరిగి, మధ్య భాగం చివర ఎఫ్ షార్ప్ మేజర్‌లోకి వెళ్తుంది. పాత వాద్యాల చిటికెన వేలి కీలు మీ చేతికి పడతాయా లేదా అన్నది ఆ నాలుగు బార్లు తేల్చేస్తాయి. జి షార్ప్ నుంచి కింది సి షార్ప్‌కి జారడం 1920ల టెనర్ల మీద కష్టం, 10ఎం మీద అలవాటవుతుంది, యమహా మీద ఆలోచనే రాదు. చేతులు చిన్నవైతే ఈ పరీక్ష ఇంకా ముఖ్యం.

మూడోది బాడీ అండ్ సోల్. టెనర్ వాద్యకారుడు కోల్‌మన్ హాకిన్స్ 1939 అక్టోబరు 11న దీన్ని రికార్డు చేసినప్పటి నుంచి టెనర్ వాయించేవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు దీని ముందు నిలబడాల్సిందే. కాన్సర్ట్ డి ఫ్లాట్, మీకు ఇ ఫ్లాట్. మధ్య భాగం అర్ధస్వరం పైకి లేచి ఇ మేజర్‌లోకి, అక్కడి నుంచి డి లోకి దిగుతుంది. దీన్ని పైన వాయించకండి. ఒక ఆక్టేవ్ కిందికి తెచ్చి, పక్క గదిలో వాళ్లు నిద్రపోతున్నారనుకుని, సబ్‌టోన్‌తో వాయించండి. కింది పెదవిని రీడ్ కొన వైపు కాస్త జరిపి, దవడ వెనక్కి వదిలి, గాలి వేడిగా నెమ్మదిగా పంపితే ఊపిరి కలిసిన మెత్తటి గొంతు వస్తుంది. మంచి స్థితిలో ఉన్న బిషర్, కాన్, మార్టిన్ ఏదైనా ఇక్కడ మిమ్మల్ని పట్టేసుకుంటుంది. కొత్త విద్యార్థి టెనర్ల కంటే పాతవాటిని నేను ఎందుకు ఎంచుకుంటానో ఆ ఎనిమిది బార్లలో మీకే వినిపిస్తుంది. లీకు ఉన్న వాద్యం మీద మాత్రం సబ్‌టోన్ ఉత్త గాలి చప్పుడే.

పాటలు నేర్చుకునేటప్పుడు మాటలు కూడా నేర్చుకోండి. బాలడ్ (నెమ్మదిగా సాగే పాట) మొదలుపెట్టే ముందు డెక్స్టర్ గోర్డన్ మైకు దగ్గర ఆ పాట మాటలు చెప్పేవాడు. లెస్టర్ యంగ్ కూడా పాట మాటలు తెలియాలని పట్టుబట్టినవాడే. ఇది భావం కోసమే కాదు, ఊపిరి కోసం కూడా. టెనర్ ఆల్టో కంటే ఎక్కువ గాలి అడుగుతుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో మాటలు చెప్తాయి, కాగితం మీది స్వరాలు చెప్పవు. తాళం వేగంగా ఉన్న బీబాప్ పాటల జోలికి మొదట్లో పోవద్దు. మధ్యస్థ వేగంలో నడిచేవి, బ్లూ బోసా లాంటివి పట్టుకోండి. అది టెనర్‌కి డి మైనర్, మధ్యలో కొన్ని బార్లు ఇ ఫ్లాట్ మేజర్, రెండూ పాత వాద్యం వేళ్లకి దయగల స్కేళ్లు.

ఏ పాత టెనర్ అయినా కొన్ని స్వరాలు తన ఇష్టం వచ్చినట్టు పలుకుతుంది. రోజూ కాసేపు ఆధార శ్రుతి మోగించి, దాని మీద పాటలోని నిలకడ స్వరాలు ఒక్కొక్కటే ఊదండి. ట్యూనర్ ముల్లు చూస్తూ కాదు, కళ్లు మూసుకుని, రెండు ధ్వనుల మధ్య అలలు ఆగేదాకా. తర్వాత కింది బి ఫ్లాట్ వేళ్లు కదపకుండా అదే పట్టు మీద బి ఫ్లాట్, ఎఫ్, పై బి ఫ్లాట్, డి వరసగా తీయడం సాధన చేయండి. ఈ ఓవర్‌టోన్లు వచ్చాక వాద్యం పారిపోయే చోట మీ గొంతే దాన్ని పట్టి తెస్తుంది. పెదవితో లాగాల్సిన పని తగ్గుతుంది. ఇది లేకుండా ఎంత ఖరీదైన టెనర్ కొన్నా శ్రుతి కుదరదు.

మీ మూడింటి సంగతి తేల్చేస్తాను. దుకాణం పేరున్న వెండి పూత టెనర్‌ని మొదటి వాద్యంగా తీసుకోవద్దు. మార్టిన్ వాళ్లో బిషర్ వాళ్లో చేసి ఉండొచ్చు. టోన్ హోల్స్ అతికించినట్టు ఉండి అంచు వాలుగా ఉంటే మార్టిన్ అనుకోవచ్చు. అయినా 1920ల చిటికెన కీలతో ఆల్టో అలవాట్లున్న చెయ్యి కుస్తీ పట్టాలి. కాన్ 16ఎం విద్యార్థుల కోసం చేసిన మోడలే, కానీ రిపేరు నిజంగా బాగా జరిగి ఉంటే రేపటి నుంచే వాయించొచ్చు. కాన్ వాళ్ల తయారీ ఎల్క్‌హార్ట్ నుంచి మెక్సికో సరిహద్దులోని నొగాలెస్‌కి మారాక పనితనం ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంది. కాబట్టి ఎక్కడ చేశారో వాద్యం మీద రాసి ఉందేమో చూసి, పైన చెప్పిన మెల్లగా దిగే పరీక్ష చేయండి. బి ఫ్లాట్ దాకా దిగితే, ధర తక్కువైతే, తీసుకోండి. నా ఓటు మాత్రం అరిస్టోక్రాట్‌కి. చెక్కడాలు పదునుగా ఉండి, నెక్ కుంగకుండా ఉండి, ఓవర్‌హాల్ ఖర్చు కలిపినా మీరు అనుకున్న మొత్తంలో మౌత్‌పీస్‌కి మిగిలేట్టయితే అదే కొనండి. ఓవర్‌హాల్‌కి కొన్ని వారాలు పట్టొచ్చు, ఆలోపు మౌత్‌పీస్ తెచ్చుకుని నెక్ లేకుండానే ఆ జి మీద కూర్చోండి.

దూరం నుంచి తెప్పించుకుంటుంటే అమ్మేవాళ్లకి ఈ మాట రాయండి: నెక్ విడిగా చుట్టాలి, బెల్‌లో బట్ట కుక్కాలి, కీలు కదలకుండా కార్కు ముక్కలు పెట్టాలి, పెట్టె చుట్టూ ఇంకో పెట్టె ఉండాలి. పాత పెట్టె ఎంత అందంగా ఉన్నా అందులో వాద్యం అటూ ఇటూ కదులుతుంటే దాన్ని అలమారలో దాచుకుని, వాద్యానికి గట్టిగా పట్టే కొత్త పెట్టె కొనండి. ఓవర్‌హాల్ చేయించాక మొదటి నెలలో ప్యాడ్లు సర్దుకుంటాయి, ఒకసారి మళ్లీ చూపించడం ఆ ఖర్చులోనే ఉందో లేదో ముందే అడిగి పెట్టుకోండి.